ఓదెలు పారిపోలేదు

రిటైర్డు జిల్లా జడ్జి వల్లూరి పురుషోత్తమరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫిల్మ్‌నగర్‌లోని ఆ ప్రివ్యూ థియేటర్లో ఏసీ పళ్ళు కటకటలాడేంత చల్లగా ఉంది. అయినా ఆయన బనియను చెమటకి తడిసిపోయింది. తెర మీద తన పాత్ర వేసిన కుర్ర హీరో మెషిన్‌గన్ను ఒంటిచేత్తో పెకలించి భుజాన వేసుకున్నాడు. అది సరే, సినిమావాళ్ళకి ఆ పిచ్చి ఎప్పుడూ ఉన్నదే, పోనీలే అనుకోవచ్చు. దానికి ముందు సీనే ఆయన ఒళ్ళు మండించింది. యుద్ధంలో తన వెంట ఉన్న సిపాయి ఓదెలు చేతిలో తుపాకి చెరకుతోటలో పారేసి, ఏడుస్తూ, శత్రువుకి వీపు చూపించి పరిగెత్తాడు.

"లైట్లు వెయ్యండి!" అని అరిచాడాయన. సర్వీసంతా కోర్టు హాల్లో గొంతు పెంచకుండానే పని జరిపించుకున్న మనిషి అలా అరిచేసరికి ఆపరేటరు బిత్తరపోయి సినిమా ఆపేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకి వెంటనే అర్థమైంది. అందుకే మంట మరీ ఎక్కువైంది. ఫిల్మ్‌నగర్‌లో కథ చదివించరు, చెబుతారు. ఏడాది కిందట ఈ డైరెక్టరు సృజన్ జూబ్లీహిల్స్‌లో జడ్జిగారింటికి వచ్చి, హాల్లో నిలబడి, ఫిరంగుల మోత నోటితోనే మోగిస్తూ, ఆయన జీవితాన్ని రెండున్నర గంటలసేపు ఆయనకే చెప్పాడు. ఆ రోజు చెప్పిన కథలో ఓదెలు గుండు తగిలి నేలకొరిగాడు, అంతే. జడ్జిగారి భార్య శేషారత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ ఊపులో పురుషోత్తమరావు అనుమతి పత్రం మీద సంతకం గీకేశాడు. ఒక్క అక్షరం తేడా ఉన్నా దస్తావేజులు వెనక్కి కొట్టిన ఘనుడు, కథ కాగితం మీద చూపించమని అడగలేదు! హీరోకి ఒక కథ, నిర్మాతకి ఇంకో కథ, జడ్జిగారికి మరో కథ చెప్పడం ఆ పేటలో మామూలేనని ఆయనకెవరు చెప్పాలి? జడ్జి తెలివితక్కువ పని చేస్తే దాని మీద అప్పీలు కూడా ఉండదు.

"కూర్చోండి సార్, బీపీ పెరుగుతుంది," అంటూ సృజన్ పరుగున వచ్చాడు.

"నా బీపీ సంగతి తర్వాత. ఓదెలు పారిపోయాడని నీకెవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదండీ. అదే కదా ప్రాబ్లెం." సృజన్ ముఖంలో వెటకారం ఏమీ లేదు. "మీకు వీరచక్ర ఇచ్చినప్పటి ప్రశంసాపత్రం పదిసార్లు చదివానండీ. కాలవగట్టు మీదకి ఇద్దరు వెళ్ళారని ఉంది. మెషిన్‌గన్ను మీరొక్కరే ఆపారని ఉంది. మరి ఆ టైంలో రెండోవాడేం చేస్తున్నాడు? ఆడియన్స్ అడుగుతారు కదండీ. మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాను! అడిగినప్పుడల్లా కాఫీ చల్లారిపోతోంది, తాగు అన్నారు. కథలో ఖాళీ ఉంటే మేం ఏదో ఒకటి పెట్టి నింపాలి సార్. పారిపోయాడని నింపాను."

"సోమవారం కోర్టుకెళ్ళి స్టే తెస్తాను. నీ సినిమా ఎలా విడుదలవుతుందో చూస్తాను."

"వెళ్ళండి సార్. కానీ అఫిడవిట్‌లో ఏమని రాస్తారు? పారిపోలేదని రాస్తే, ఏం చేశాడో కూడా రాయాలి కదండీ."

పురుషోత్తమరావు కర్ర టకటకలాడించుకుంటూ బయటికొచ్చి కారెక్కాడు.

ఏం చేశాడో ఆయనకి తెలుసు. ఈ భూమ్మీద ఆయనకొక్కడికే తెలుసు. డెబ్బై ఒకటి డిసెంబరు, పంజాబు సరిహద్దు. తొడలో గుండు దిగి తను కాలవగట్టు కింద పడున్నాడు, ఇరవైమూడేళ్ళ లెఫ్టినెంటు. గ్రెనేడు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళింది ఓదెలు. మెషిన్‌గన్ను ఆపింది ఓదెలు. దాని ముందే ప్రాణం వదిలాడు. ఆ తర్వాతే తను కాలు ఈడ్చుకుంటూ అక్కడికి చేరాడు. వెనక వచ్చినవాళ్ళకి గన్ను పక్కన బతికున్న ఆఫీసరొకడు, చచ్చిపోయిన సిపాయొకడు కనబడ్డారు. మిగతాది వాళ్ళే ఊహించుకున్నారు. ఆసుపత్రిలో కర్నలు ఆ ప్రశంసాపత్రం చదివి వినిపిస్తే తను "సార్, అదీ..." అన్నాడు. కర్నలు భుజం తట్టి వెళ్ళిపోయాడు. మిగతా మాట యాభై ఏళ్ళు దాటినా గొంతులోనే ఉండిపోయింది. ఆ యుద్ధం గురించి ఆయన మాట్లాడకపోతే, పేపర్లవాళ్ళు దానికి వినయం అని పేరు పెట్టారు. సిగ్గుమాలినతనం అని పెట్టాల్సింది.

సృజన్‌ని తిట్టడానికి కారులో ఎన్ని మాటలు వెతుక్కున్నా, ప్రతి మాటా తిరిగొచ్చి తనకే తగిలింది. ఫోను మళ్ళీ మోగింది. రాజమ్మ. పొద్దుట్నుంచీ ఇది ఐదోసారి. నిన్న ట్రైలరు వదిలారు మరి. ఆయన ఫోను ఎత్తలేదు. డ్రైవరుని కృష్ణానగర్ పోనివ్వమన్నాడు.

రాజమ్మ ఓదెలు భార్య. ఆమెకి ఇరవై ఏళ్ళప్పుడే మొగుడు పోయాడు, చంకలో ఆడపిల్ల. పురుషోత్తమరావు సైన్యం వదిలి, లా చదివి, జడ్జి అయిన ఏడాదే ఆమెకి కోర్టులో అటెండరు ఉద్యోగం ఇప్పించాడు. ఉద్యోగం ఇచ్చాడు గానీ నిజం ఇవ్వలేదు. ఆ మాత్రానికే ఆమె ఆయన్ని దేవుడని పదిమందికీ చెప్పుకుంది.

సందులో సినిమా డాన్సర్ల తళుకుబట్టలు తీగల మీద ఆరుతున్నాయి. మేడ మీద గదికి ఆయన రొప్పుతూ చేరేసరికి రాజమ్మ కూతురి ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంది.

"ఫోనెందుకు ఎత్తుతలేరు సార్? గిదేంది, జర చూడున్రి. మా ఆయన గిట్ల ఉరుకుతుండేంది? నిజంగ ఉరికిండా? ఉరికితే ఉరికిండని చెప్పున్రి. మీరు చెప్తే నమ్ముత."

"ఉరకలేదు రాజమ్మా," అన్నాడు పురుషోత్తమరావు. నిలబడే అంతా చెప్పాడు. గట్టు, గుండు, గ్రెనేడు, కర్నలు, కాగితం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రాజమ్మ ఏడవలేదు. ఫోను పక్కన పెట్టింది.

"ఊర్లె అందరు అడిగిన్రు, నీ మొగడు ఎట్ల సచ్చిండే అని. గుండు తాకి సచ్చిండంట అని చెప్పిన. మా అత్త సచ్చేదాక అడిగింది, నా కొడుకు ఏం జేసిండే అని. నాకేం ఎరుక? గా ముచ్చట నీ కాడుండె. నాకు బువ్వ పెట్టినవ్ గని నోరిప్పి గదొక్కటి చెప్పకపోతివి."

ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"తప్పయిపోయింది రాజమ్మా. ఆ సినిమా ఆపిస్తాను. ఆ సృజన్ గాణ్ణి..."

"వాన్నెందుకు అంటవ్? వానికి తెల్వదు, తెల్వక రాసిండు. నీకు ఎరుకే!" రాజమ్మ గొంతు ఖంగుమంది. "మా ఆయన్ని ఉరికిచ్చింది వాడు కాదు, నువ్వు."

ఆమె లేచి ప్లాస్టిక్ కుర్చీ ముందుకు లాగింది, స్టూలు మీద తెల్లకాగితాలు, పెన్ను పెట్టింది.

"రాయి."

"రేపు లాయరుతో డ్రాఫ్టు రాయించి..."

"వకీలెందుకు? నువ్వు సూసింది నువ్వు రాయలేవా?"

ఆయన కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు. చెయ్యి కదల్లేదు. మనవళ్ళున్నారు, పేరుంది, కాలనీలో ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేసేది తనే. రాజమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపి, గుమ్మంలోకి వెళ్ళి నిటారుగా నిలబడింది. రిటైరయ్యేదాకా కోర్టు గుమ్మంలో ఆమె చేసిన పని అదే, కేసు నంబరు రాగానే ముద్దాయిని పేరుపెట్టి పిలవడం.

"వల్లూరి పురుషోత్తమరావు!"

గారు లేదు, సారు లేదు. కింద బట్టలు తీస్తున్న అమ్మాయిలు తలెత్తి చూశారు.

"వల్లూరి పురుషోత్తమరావు!"

ఎవడో బైకు ఆపాడు. కోర్టులో మూడో పిలుపుకి పలక్కపోతే వారెంటు. అలాంటి వారెంట్ల మీద ఆయన ఎన్ని వందల సంతకాలు పెట్టాడో లెక్కే లేదు.

"వల్లూరి పురుషోత్తమరావు!"

"ఉన్నానమ్మా," అంటూ ఆయన లేచి నిలబడ్డాడు.

"కూసో," అంది రాజమ్మ. "కూసొని రాయి."