ఎడమచేతి పాలు

రోజూ పొద్దున్నే ల్యాబు తలుపు తియ్యగానే తీగలమ్మ చేసే మొదటి పని పిల్లలకి పాలు పట్టడం. పిల్లలంటే గాజు పళ్ళేల్లో కొట్టుకునే గుండె కణాలు. పాలంటే సీసాలోని గులాబీరంగు నీళ్ళు. కణాల్లో పుట్టే కరెంటుని సన్నటి తీగలతో పట్టి, తెరమీద గీతగా చూడ్డం ఆవిడ ఉద్యోగం. అందుకే ఆ పేరు. ఇప్పుడు చుట్టాలు కూడా అలాగే పిలుస్తున్నారు.

ఎవరు పాలు పడితే, వాళ్ళెక్కడున్నా, కణాలు వాళ్ళ గుండెలాగే కొట్టుకుంటాయి. అందుకే ఇంట్లో మొగుడితో గొడవపడి వచ్చినవాళ్ళు ఆ పూట సీసా ముట్టుకోరు. పోయినేడు ఒకావిడ ప్రేమలో పడి, చక్కటి ప్రయోగాన్ని గంగలో కలిపింది.

ఆ రోజు కమిటీ వస్తోంది. గుండె లయ తప్పకుండా కాచే మందు కోసం తీగలమ్మ తన వయసంతా ధారపోసింది. వాళ్ళు ఊఁ అంటే ఇక మనుషులకిచ్చి చూడొచ్చు. ఈసారి తప్పితే ఏడాది దాకా రారు, అప్పటికి ల్యాబు ఉంటుందో ఊడుతుందో. తన గుండె దడదడలాడుతోందని పాలు పట్టకుండా కాసేపు బయట తిరిగొచ్చింది. వచ్చేసరికి ఎవరో పట్టేశారు. మంచిదే అయిందనుకుని, ఒక పళ్ళెంలో మందు వేసి, తీగలు తగిలించి తెర ముందు కూర్చుంది.

గీత నడిచి నడిచి, ఉన్నట్టుండి ఆగింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది, ఈసారి ఇంకాసేపు.

ఇన్నాళ్ళూ కష్టపడి గుండెని ఆపే మందా తను కనిపెట్టింది? తీగల్ని మందు వెయ్యని పళ్ళేనికి మార్చింది. అదీ అంతే, ఆగి ఆగి నడుస్తోంది. అయితే తప్పు మందుది కాదు. పోయిన ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే మళ్ళీ బెంగ పట్టుకుంది. ఎవరి గుండె ఇలా ఆగుతోంది?

సీసా పళ్ళేలకి ఎడమపక్కన ఉంది. ఆ ల్యాబులో ఎడమచేతివాటం ఒక్కరికే, తనకి ఈ విద్య నేర్పిన మాస్టారికి. ఆయన అప్పుడే కమిటీవాళ్ళని వెంటబెట్టుకుని లోపలికొస్తున్నారు.

ఆయన్ని పక్కకి లాగింది. "మాస్టారూ, పాలు పట్టింది మీరేనా?"

"నేనెందుకు పడతానమ్మాయ్?"

"ఈమధ్య కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఆకలేస్తే ఎవరికైనా తిరుగుతాయి." గొంతు తగ్గించారు. "నా సంగతి సాయంత్రం చూద్దాం. నిన్నటి గీత దాచావుగా, అది చూపించెయ్. నోటికాడి ముద్ద కాలదన్నుకోకు."

నిన్నటి గీతా తన మందుదే. చూపిస్తే అబద్ధమేం కాదు, దానికి పట్టే టైము కాసేపే. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఈ ముసలాయన మొండితనం మీద ఒళ్ళు మండింది కూడా.

కమిటీ పెద్దావిడ తెర దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుంది. "ఏంటమ్మా, మీ మందు వేస్తే గుండె ఆగిపోతోందా?"

తీగలమ్మ మాస్టారి మణికట్టు పట్టుకుంది. "అది మందు కాదండీ, మా మాస్టారు. ఈయన్ని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీరు ఉంటే ఉండండి, వెళ్తే వెళ్ళండి."

"దీనికి మతిపోయింది," అంటూ ఆయన చెయ్యి విడిపించుకోబోయారు. తెరమీద గీత ఆగింది. ఆమె వేళ్ళకింద నాడి ఆగింది. ఆయన ఒరిగిపోయేలోపే రెండు చేతులా పట్టేసుకుంది. కమిటీవాళ్ళే తలో చెయ్యీ వేసి కారెక్కించారు.

గుండెని నడిపించే చిన్న యంత్రం ఆయనకి అమరుస్తుంటే అందరూ ఆస్పత్రి తలుపు ముందు కూర్చున్నారు. తీగలమ్మ మాత్రం వెనక్కి ల్యాబుకొచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. తలుపుకేం తెలుసు గనక? గీత పడుతూ లేస్తూ నడిచి, ఆగింది. లేవలేదు. "ఇలా మధ్యలో వదిలేసి పోతే ఊరుకోను మాస్టారూ," అని పళ్ళేన్ని తిడుతూ ఏడ్చింది.

గీత లేచింది. ఇంకోటి లేచింది. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చేసరికి ఆమె మొహం కడుక్కుంటోంది.

మర్నాడు మళ్ళీ పాలు పట్టాలి. తను పడితే అది తన గుండైపోతుందని, పళ్ళెం, సీసా ఆస్పత్రికే పట్టుకెళ్ళింది. యంత్రం పెట్టింది ఆ పక్కనే కాబట్టి ఎడమచెయ్యి ఎత్తొద్దన్నారట డాక్టర్లు. ఆయన కుడిచేత్తో పట్టబోయి సగం దుప్పటిమీద ఒలకబోశారు.

"కమిటీ ఏమంది?"

"వచ్చే ఏడు చూద్దామన్నారు."

"దాచిన గీత చూపించమన్నానా లేదా?"

"అన్నారు."

మాస్టారు పళ్ళేన్ని కుడిచేత్తో దగ్గరికి జరుపుకున్నారు.

"సరేలే," అన్నారు. "వచ్చే ఏడు నేనూ ఉంటాగా."