అమ్మ ఏం చేయబోతోంది?

ఫ్రెంచి నేర్చుకోమని పోరు పెట్టింది అసలు వాళ్ళమ్మే. కూతురు ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు మడతపెట్టి గదులకి పంపే పనిలో ఉండేది. ఫ్రెంచి వచ్చినవాళ్ళని కౌంటర్లో కూర్చోబెడతామని మేనేజరు ఒకనాడు నోరు జారాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే పాపమైపోయింది.

"రెండు ముక్కలు నేర్చుకుంటే నీ సొమ్మేం పోయింది? ఎన్నాళ్ళని ఆ తడిగుడ్డల మధ్య నానతావు?" అని అమ్మ చెవిలో జోరీగలా తిరిగి, చివరికి సాయంత్రం క్లాసులో చేర్పించింది.

క్లాసులో అందరూ ఆమెని 'దుప్పట్లమ్మాయి' అనేవారు. కొన్నాళ్ళకి, చేయబోయే పనుల గురించి చెప్పే పాఠం వచ్చింది. కాసేపట్లోనో రేపో చేయబోయే పనిని ఫ్రెంచివాళ్ళు 'వెళ్ళు' అనే క్రియతో చెబుతారు. నేను అయితే 'వే', నువ్వు అయితే 'వా', ఆవిడ అయినా 'వా'. దాని వెనక అసలు పనిని తగిలిస్తే చాలు. ఇంటికొచ్చి ఈ వింత చెబితే, వంకాయలు తరుగుతున్న అమ్మ ఫక్కున నవ్వింది.

"ఇందులో వింతేముందే? మనం మాత్రం తినబోతున్నా, పడుకోబోతున్నా అనట్లేదూ? వాళ్ళూ మనలాగే పోతూపోతూ పనులు చేసుకునేవాళ్ళే పాపం!"

ఆ వారంలోనే అమ్మ పోయింది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, గోడ పట్టుకుని కూలబడింది. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. "అదృష్టవంతురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయింది" అన్నారు చూడవచ్చినవాళ్ళు. ఆ మాటకి కూతురికి ఒళ్ళు మండింది. ఏం అదృష్టమండీ, పెట్టిన పాలు పొంగేదాకా కూడా ఉండనివ్వని అదృష్టం!

కొన్నాళ్ళు మానేసి, మళ్ళీ క్లాసుకి వెళ్ళింది. ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పి వెనక బల్ల దగ్గర కూర్చుంది. టీచరమ్మకి ఏం తెలుసు? మామూలుగానే అడిగింది.

"మీ అమ్మగారు ఈ సాయంత్రం ఏం చేయబోతున్నారు?"

జరిగింది చెప్పాలంటే భూతకాలం కావాలి. అది ఇంకా పాఠానికి రాలేదు. దుప్పట్లమ్మాయి కాసేపు తడుముకుని, "మమాఁ వా దోర్మీర్" అంది. అమ్మ పడుకోబోతోంది.

"త్రే బియఁ! బాగుంది!" అని మెచ్చుకుంది టీచరమ్మ. అంతే, ఆ గదిలో అమ్మ బతికే ఉంది.

ఇక చూడాలి ఆవిడ జోరు! ఒకరోజు కర్టెన్లు ఉతకబోతోంది, ఇంకోరోజు పక్కింటావిడతో పోట్లాడబోతోంది, ఆ పై వారం ఏకంగా ఈత నేర్చుకోబోతోంది. క్లాసంతా పడీపడీ నవ్వేది.

"మీ అమ్మగారికి కాలు ఒకచోట నిలవదేమో అమ్మడూ! ఒకసారి మా ఇంటికి పంపు, మా ఆవిడకి కాస్త ఊపొస్తుంది" అని ఏడిపించేవాడు టాక్సీ నడిపే పెద్దాయన. ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు.

ఆమె కూడా నవ్వేది. ఇంట్లో అమ్మ బీరువా తెరవలేని మనిషి, అన్నయ్య ఫోను చేస్తే ఎత్తలేని మనిషి, ఆ క్లాసు కోసం వారమంతా ఎదురుచూసేది. ఇది మంచి పని కాదని ఆమెకి తెలీదా? తెలుసు. తెలిసినా అమ్మకి ఇంకో పని పురమాయించకుండా ఉండలేకపోయేది. ఒకరోజు "మమాఁ వా వ్వార్ లా మేర్" అంది. అమ్మ సముద్రం చూడబోతోంది. అమ్మకి నిజంగానే ఆ కోరిక ఉండేది. సెలవు దొరకనీ, తీసుకెళ్తా అని ఏళ్ళ తరబడి కూతురు అంటూనే వచ్చింది.

తర్వాతి క్లాసులో టీచరమ్మ బోర్డు శుభ్రంగా తుడిచేసి, "ఇవాళ్టి నుంచి భూతకాలం" అంది.

దుప్పట్లమ్మాయి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, నన్ను కొత్త బ్యాచ్‌లోకి మార్చండి. మళ్ళీ మొదట్నుంచి చదువుకుంటా."

"నీకేం పోయేకాలం అమ్మాయ్? అందరికంటే ముందున్నదానివి! వేషాలెయ్యకుండా వెళ్ళి కూర్చో."

పాత వాక్యాలనే జరిగిపోయినట్టుగా మార్చి చెప్పాలట. బాబాయ్ కడగబోయిన కారుని కడిగేశాడు. బేకరీ కుర్రాడు వండబోయిన కేకుని వండేశాడు. ఆమె వంతు వచ్చింది.

"మొన్న మీ అమ్మగారు సముద్రం చూడబోతున్నారన్నావుగా. చూశారా మరి?"

"చూసే ఉంటారు! చేపలేమైనా తెచ్చారా, లేదా?" అన్నాడు బాబాయ్. అందరూ నవ్వుకి సిద్ధంగా ఆమె వైపు తిరిగారు.

చూసింది అంటే సరిపోయేది. జరగబోయేవి ఎన్ని చెప్పినా ఆమెకి అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు. జరిగిందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"మమాఁ నా పా వ్యూ లా మేర్."

"శభాష్! నేను చెప్పకుండానే వ్యతిరేకార్థం పట్టేశావే! ఏదీ, తెలుగులో చెప్పు."

"అమ్మ సముద్రం చూడలేదు."

"అదేంటి, ఎందుకు చూడలేదూ?" బాబాయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నేను తీసుకెళ్ళలేదు బాబాయ్." ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఈత నేర్చుకోలేదు. కర్టెన్లు ఉతకలేదు. ఏదీ చెయ్యలేదు. లేదు మేడం... అమ్మ లేదు."

ఆ మాట ఆమె అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. అన్నయ్యతో కూడా అనలేదు.