ఆమె బిగించిన బోల్టు

బోల్టు కదలలేదు.

ముందు చక్రాలు రెండూ ఊడదీసి, కింద ఇనప స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం వేసి, ఉదయం నుంచీ కారు కిందే ఉన్నాను. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఇనుము ఇనుమును గీరుతోంది. కొత్త ప్యాడ్లు వేయాలంటే వాటిని పట్టుకుని ఉండే క్యాలిపర్ విప్పాలి. అది విప్పాలంటే దాని లోపలివైపున్న రెండు బోల్టులు రావాలి. మొదటి బోల్టు దగ్గరే నా పని ఆగిపోయింది.

ఈ బోల్టులను చివరిసారి బిగించింది నా భార్య. ఆమె పోయాక ఒక వానాకాలం గడిచింది. బోల్టు మెడ చుట్టూ తుప్పు పొరలు కట్టింది.

మా ఇంట్లో కారు పనులన్నీ ఆమెవే. నేను బడిలో పాఠం చెప్పేవాణ్ణి, ఇంట్లో లైటు పట్టుకునేవాణ్ణి. ఆమె కారు కింద పడుకుంటే నేను చక్రం బయట గొంతుక్కూర్చుని లైటు వేసేవాణ్ణి. "మాస్టారూ, లైటు బోల్టు మీద పెట్టండి, నా కళ్ళలో కాదు" అనేది.

సాయంత్రం ఆమె తమ్ముడు, మా బావమరిది, తాడు పట్టుకుని వస్తాడు. కారును తన బండి వెనక కట్టి లాక్కుపోతాడు. పాత ఇనుము కొనే వాళ్ళతో మాట్లాడి పెట్టాడు. "బ్రేకుల్లేని కారు గుమ్మం ముందు పెట్టుకుని ఏం చేస్తావు బావా? చూసినప్పుడల్లా నీకూ బాధ, అమ్మకూ బాధ" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. "నువ్వు వచ్చేసరికి బ్రేకులు నేనే బాగు చేస్తాను. చేయగలిగితే కారు ఇక్కడే ఉంటుంది" అన్నాను. "నువ్వా?" అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తుప్పు వదిలించే నూనె కొట్టాను. ఆగాను. సుత్తితో బోల్టు తల మీద తట్టాను. మళ్ళీ నూనె కొట్టాను. పానా తగిలించి, కిందికి వేలాడుతున్న దాని పిడిని రెండు చేతులతో ఎడమకు లాగాను. పానా జారి వేళ్ళ కణుపులు బ్రేకు డిస్కు అంచుకు కొట్టుకున్నాయి.

"ఇంత బిగిస్తారా ఎవరైనా? ఎవరు విప్పుతారనుకున్నావు?" అన్నాను పైకే.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది అత్తగారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కూతురు పోయినప్పటి నుంచీ నాతోనే ఉంటోంది. ఎవరికి ఎవరు తోడో మేమిద్దరం తేల్చుకోలేదు.

"మీ అమ్మాయితోనే."

"అయితే గట్టిగా తిట్టు. నెమ్మదిగా చెబితే దానికి ఎప్పుడెక్కింది గనక?"

"దేనికైనా ఓ హద్దుండాలి కదా అత్తయ్యా."

"హద్దా! అది నీళ్ళ సీసాకి మూత పెడితే తీయడానికి వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రావాల్సిందే. పొద్దున్న పంచదార డబ్బా నువ్వు తీశావా? తీయలేదు. నేనూ తీయలేదు. ఎన్నాళ్ళ నుంచి చప్పటి టీ తాగుతున్నామో, అడిగేవాళ్ళు లేరు."

నిజమే. ఆ డబ్బా ఆమె చివరగా మూసినది. ఇద్దరమూ దాన్ని చూసి, ముట్టుకోకుండా తప్పుకుంటున్నాం. మూత బిగుసుకుపోయి రావడం లేదని చెప్పుకుంటాం.

మళ్ళీ కిందికి దూరాను. తుప్పు రాలి కళ్ళలో పడింది. ఎడమకు లాగాను. బోల్టు ఉలకలేదు, పలకలేదు. అత్తగారు పెరట్లో బట్టలారేసే పాత ఇనప గొట్టం ఈడ్చుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. గొట్టాన్ని పానా పిడికి తొడిగాను. పొడుగు పెరిగింది కాబట్టి బలమూ పెరగాలి. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. ఎడమకు లాగాను. బోల్టు వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది. ఆశ పుట్టింది. ఇంకా లాగాను. అంతకు ముందుకంటే మొండిగా బిగుసుకుంది.

పానా నేలకేసి కొట్టి బయటికొచ్చాను.

"వదిలెయ్యి నాయనా. వాడు తీసుకుపోతే పోనీ" అంది అత్తగారు. తాను అనాల్సిన మాట కాబట్టి అంది, అంతే. కళ్ళు కారు మీదే ఉన్నాయి.

చేతులు తుడుచుకుంటూ చక్రం బయట, నా పాత చోట, గొంతుక్కూర్చున్నాను. పక్కనున్న లైటు తీసుకుని అలవాటుగా బోల్టు వైపు వేశాను. పానా ఇంకా బోల్టుకే వేలాడుతోంది. నేలకు కొట్టింది గొట్టాన్ని మాత్రమే అన్నమాట.

అక్కణ్ణుంచి చూస్తే అంతా తెలిసినట్టే ఉంది. ఇక్కడ కూర్చునే ఎన్నోసార్లు చూశాను, ఆమె పిడిని ఎడమకు తెచ్చేది, బోల్టు వదిలేది. ఎడమకే.

ఎడమ అంటే నా ఎడమ. ఈ చోటున కూర్చున్నవాడి ఎడమ. ఆమె లోపల పడుకుని బయటికి చూస్తూ ఉండేది. నాకు ఎడమైనది ఆమెకు కుడి. ఇప్పుడు నేను ఆమె చోట పడుకుని, నా చోటున నేర్చిన చెయ్యి ఆడిస్తున్నాను.

పొద్దున్నుంచీ బోల్టు విప్పడం లేదు. బిగిస్తున్నాను.

"ఏమైంది? మొహం అలా పెట్టావు?" అంది అత్తగారు.

"ఉదయం నుంచీ బిగిస్తున్నాను అత్తయ్యా."

"మరి ఇందాకట్నుంచీ పాపం దాన్ని తిడుతున్నావు కదా" అంది.

"దాని పాపం దానికుంది. మొదట బిగించింది మీ అమ్మాయే."

మళ్ళీ కింద పడుకున్నాను. లైటు అత్తగారు పట్టుకుంది. సరిగ్గా నా కళ్ళలోకి వేసింది. "బోల్టు మీద" అన్నాను. గొట్టం తొడిగి కుడికి లాగాను. రాలేదు. రెండు మడమలూ నేలకు అదిమిపెట్టి లాగాను. రాలేదు. నా బలానికి ఆమె బలం తోడై బిగిసిన బోల్టు అది. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాను.

టక్కున చప్పుడైంది. విరిగిందనుకున్నాను. చేత్తో తడిమాను. తిరుగుతోంది. తుప్పు పొడి రాల్చుకుంటూ, కీచుమంటూ, వేళ్ళతో తిప్పితే తిరిగేంతగా వదులైంది.

సంతోషం కలగలేదు. ఆమె చేత్తో వేసిన బిగువు ఇక్కడ ఇక లేదు. ఊడిన బోల్టును అరచేతిలో పట్టుకుని అలాగే పడుకున్నాను.

"ఊడిందా?"

"ఊడింది."

"మరి బయటికి రావేం?"

"ఇంకా మూడున్నాయి అత్తయ్యా. ఈ చక్రానికి ఒకటి, అటు చక్రానికి రెండు."

ఎండ వాలే వేళకు బావమరిది వచ్చాడు. భుజాన తాడు చుట్టగా ఉంది. నేల మీద చక్రం మూతలో పడి ఉన్న రెండు బోల్టులను చూశాడు. ఒక చక్రానికి కొత్త ప్యాడ్లు కూర్చున్నాయి, బోల్టులు మళ్ళీ బిగించడమే మిగిలింది. నెత్తురు గడ్డకట్టిన నా వేళ్ళను చూశాడు.

"అక్క బిగించినవేనా?"

"ఆఁ."

"నీ వల్ల అయిందా బావా?"

"సగం అయింది. అటు వైపు ఇంకా ముట్టుకోలేదు. తాడు అవతల పెట్టి లైటు పట్టుకో."

వాడు కొంచెంసేపు తాడు పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత దాన్ని గేటుకు తగిలించి, కారుకు రెండో వైపు వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. నేను కిందికి దూరాను. బోల్టుకు పానా తగిలించి, లాగబోయే ముందు ఆగి, ఏ వైపో రెండుసార్లు ఆలోచించుకున్నాను.

"ఈసారి రాకపోయినా దాన్ని తిట్టకు" అంది అత్తగారు గుమ్మంలోంచి.

నేను మాట ఇవ్వలేదు.