పెద్దక్క బరువు

ఆదివారం ఉదయం పార్కులో ఫ్యామిలీ ఫోటో. ఇంటిల్లిపాదీ ఒకే రంగు బట్టల్లో ఉండాలని పెద్ద మరదలి హుకుం. లేతనీలం గుడ్డ తెచ్చి పెద్దక్క కుట్టుమిషను మీద పడేసి, "మీ చేతిలో పని వదినా, మీరైతే చిటికెలో కుట్టేస్తారు," అంది. ఆ ఇంట్లో పొగడ్త వచ్చిందంటే వెనకాలే చాకిరీ ఉన్నట్టే.

పెద్దక్క వారమంతా మిషను తొక్కింది. తమ్ముళ్లిద్దరికీ చొక్కాలు, మరదళ్లకు పొడుగు గౌన్లు, పిల్లల బట్టలు, పాకే బుడ్డోడికి జేబున్న నిక్కరు. తనది ఆఖర్న కత్తిరించుకోవడం ఆవిడ అలవాటు. శనివారం సాయంత్రం నిక్కరుకు గుండీ కుట్టి చూసుకుంటే, మిగిలింది చేతిరుమాలుకు కూడా రాని ముక్క.

"గుడ్డ చాల్లేదేం?" అని అడిగింది.

"సరిగ్గానే కొన్నాను వదినా," అంది పెద్ద మరదలు గోళ్లకు రంగు వేసుకుంటూ. "ఫోటోలో జంటలూ పిల్లలూనే కదా. మీకెందుకీ తంటా? మా బ్యాగులు చూసుకోవడానికి ఎవరో ఒకరుండాలిగా."

పెద్దక్కకు ఒళ్లు మండింది. మండితే ఆవిడ బరువెక్కుతుంది. అది అందరికీ తెలిసిందే. వంటగదిలో పగిలిన బండలూ కాళ్లు విరిగిన కుర్చీలూ ఆవిడ కోపాల గుర్తులే. ఇప్పుడూ కాళ్ల కింద నేల పటపటమంది.

"అక్కా, కొత్త టైల్సే అవి!" అని పెద్ద తమ్ముడు పక్కగదిలోంచి అరిచాడు. ఏమైందని మాత్రం అడగలేదు. అమ్మానాన్నా పోయాక ఇదే మిషను తొక్కి వీళ్లిద్దర్నీ పెంచిందెవరు మరి? పెద్దక్క ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి, కోపం దిగమింగి, ఎలాగో లేవగలిగేంత తేలికైంది.

మర్నాడు పెద్దక్క ఎక్కగానే వ్యాను కదలనని మొరాయించింది. డ్రైవరు టైర్లు చూసి, "అమ్మగారికి కోపంగా ఉన్నట్టుందే," అని పంపు తీసి గాలి కొట్టాడు.

పార్కులో పచ్చికకు అప్పుడే నీళ్లు పట్టారు. ఫోటోగ్రాఫరు నీలం బట్టలవాళ్లందర్నీ వాలు మీద వరసగా నిలబెట్టాడు. భుజాల నిండా బ్యాగులు, చేతిలో పాలసీసా పట్టుకుని పెద్దక్క పాత గోధుమరంగు బట్టల్లో వాలు కింద ఓ పక్కన నిలబడింది.

"మేడమ్, ఇంకాస్త జరుగుతారా? ఫ్రేములోకి వచ్చేస్తున్నారు," అన్నాడతను.

"జరుగుతుంది లెండి. మా వదినే, ఏమీ అనుకోదు," అంది పెద్ద మరదలు.

అనుకుంది. పరుపు మీద భారీ మనిషి కూలబడినట్టు ఆవిడ కింద నేల దిగబడిపోయింది. వరసంతా వాలు మీద జర్రున జారి, తమ్ముళ్లూ మరదళ్లూ పిల్లలూ వచ్చి గుంటలో ఆవిడ చుట్టూ పడ్డారు. నీలమంతా బురదైంది. ఫోటోగ్రాఫరు బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

"పరువు తీయకక్కా. సారీ చెప్తున్నాగా, తేలికవ్వు," అన్నాడు పెద్ద తమ్ముడు, చూపు మాత్రం కెమెరా మీదే పెట్టి. నేల ఇంకో జానెడు దిగింది.

"అసలు నీకేం కావాలే?" అని కేకేశాడు.

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కసురుతూ అడిగితేనేం, అడిగాడు. పెద్దక్క ఈసారి ఊపిరి బిగబట్టలేదు.

"నా మిషను కావాలి. మీకు కుట్టీ కుట్టీ నా వేళ్లు వంకర్లు పోయాయి. నాకో ముక్క గుడ్డ కొనడానికి మీకు చేతులు రాలేదు. బజార్లో టైలరింగ్ షాపావిడ పనిస్తాను, పైన గది ఇస్తాను రమ్మని ఎప్పట్నుంచో పోరుతోంది. మీ ముఖాలు చూసి ఆగాను. ఇక ఆగను. ఈ సాయంత్రమే వెళ్లిపోతున్నా."

"మరి పిల్లల్నెవరు చూస్తారు?" అని పెద్ద మరదలు లబోదిబోమంది.

"కన్నవాళ్లు."

బ్యాగులు అక్కడే పడేసింది. బుడ్డోణ్ని మాత్రం ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టి, ఒక్క అంగలో పైకొచ్చింది. తడి పచ్చిక ఆవిడ అడుగు కింద వంగనైనా లేదు. "అక్కా, చెయ్యందించవే," అని గుంటలోంచి తమ్ముళ్లు అరుస్తూనే ఉన్నారు. పెద్దక్క వెనక్కి తిరక్కుండానే గేటు దాటింది.