బెర్త్‌కీ షిఫ్ట్‌కీ ఉన్న తేడా

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: పోర్టులో డ్యూటీకి బయల్దేరుతున్న వరహాలు బాబాయి, అతనికి క్యారేజీ కట్టి ఇచ్చిన ధనలక్ష్మి పిన్ని, అద్దం ముందు జడ వేసుకుంటున్న వాళ్ల కూతురు రోజారమణి, సబ్బవరం అవతలి పల్లె నుంచి కాలేజీ చదువుకొచ్చిన ఆశాజ్యోతి. "ఒక నెల సూత్తాను. ఇమిడితే ఉంటాది, లేపోతే ఊరెల్తాది" అని పిన్ని ముందే చెప్పింది. నెల ఇంకా నిండలేదు.

పొంతనలేని రెండు ఇంగ్లీషు మాటలు తీసుకుని, వాటి అర్థాలు పోల్చి క్లాసులో చెప్పమన్నారు మాస్టారు. ఆశాజ్యోతి బెర్త్, షిఫ్ట్ ఎంచుకుంది. బెర్త్ అంటే రైల్లో పడుకునే చోటు, రేవులో ఓడను కట్టే చోటు. షిఫ్ట్ అంటే డ్యూటీ వేళ, సామాను జరపడం, ఇల్లు మారడం. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. మొదటి మాట ఎటు తిప్పినా ఆగమంటుంది, రెండోది ఎటు తిప్పినా కదలమంటుంది. మరి ఓడ బెర్తులో ఎన్నాళ్లు ఆగుతుంది? బాబాయినే అడగాలి.

"ఏటే, పొద్దున్నుంచి గొణుక్కుంటన్నావు? మా నాన్నకేటైనా మంత్రమేత్తన్నావా?" అని రోజారమణి నవ్వింది.

ఆశాజ్యోతికి నోరు పెగిలేసరికి బాబాయి గడప దాటేశాడు.

"బాబాయ్!"

పిన్ని చేతిలో గరిటె జారిపడింది. వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవకూడదని పల్లెలో పసిపిల్లలకూ తెలుసు. అందులోనూ ఈ ఇంట్లో. కొన్నేళ్ల కిందట పిన్ని అన్నయ్య లారీ ఎక్కబోతుంటే ఎవరో వెనక నుంచి పిలిచారు. నవ్వేసి ఆగకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ పిలిచింది పిన్నే.

బాబాయి వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చున్నాడు. కూతురు తెచ్చిన మంచినీళ్లు తాగాడు. ఈలోగా పోర్టు బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"ఏటమ్మా, సెప్పు."

"ఓడ... బెర్తులో ఎన్నాళ్లుంటాది బాబాయ్?"

"సరుకు దిగేదాకే. ఎనకాల ఇంకోటి కాసుకుని ఉంటాది కదా." అతను ఆమె తల నిమిరి లేచాడు. "ఆటోకెల్తాను లేవే, బెంగెట్టుకోకు" అన్నాడు భార్యతో.

పిన్ని గేటు దాకా వెళ్లి, అతను మలుపు తిరిగేవరకు అక్కడే నిలబడింది. ఆశాజ్యోతి వరండాలోకి వచ్చింది.

"నోరు జారిపోయింది పిన్నీ."

"మీ నాన్నకి ఫోన్ సేత్తాను. ఒచ్చి తీసుకెల్తాడు."

"బాబాయి సాయంత్రం ఒచ్చేత్తాడు కదా పిన్నీ..."

"ఒచ్చేదాకా నాను నీ మొకం సూడలేనమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే కాళ్లు పట్టుకునేది ఆశాజ్యోతి. పిన్ని ఆమెను దాటుకుని లోపలికి వెళ్లి, తలుపు వేసేసుకుంది.