పదిహేడో నంబరు డబ్బా

ల్యాబులో అందరూ ఆమెను లెక్కలమ్మ అనేవారు. పొద్దస్తమానం మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, మగవాళ్ళు ఇచ్చి వెళ్ళిన వీర్యంలో కణాలను లెక్కపెట్టడం ఆమె పని. ఎన్ని ఉన్నాయి, ఎన్ని ముందుకు పోతున్నాయి, ఎన్ని ఉన్నచోటే గింగిరాలు కొడుతున్నాయి, అంతా రాయాలి. పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళ లెక్కలన్నీ తేల్చిన మనిషికి సొంత మొగుడి లెక్క మాత్రం పెళ్ళయి ఆరేళ్ళయినా తెలియదు. ఇదేం చోద్యమని ఎవరైనా అడిగితే ఆమెకు ఒళ్ళు మండేది. అడగకపోయినా మండేది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మంచివాడే. గిన్నెలు తోముతాడు, ఆమెకు కాళ్ళు లాగుతున్నాయంటే వేడినీళ్ళు కాచి పెడతాడు. పరీక్ష మాట ఎత్తితే మాత్రం చెవిటివాడైపోతాడు. నాకేం, దుక్కలా ఉన్నాను కదా అని ఒకటే పాట. దుక్కలా ఉండటానికీ దీనికీ సంబంధం లేదని, బస్తాలెత్తే వస్తాదులకు కూడా సున్నా అని తన చేత్తోనే రాశానని ఆమె నచ్చచెప్పబోయేది. సరిగ్గా ఆ సమయానికే అతనికి చొక్కా కనిపించకుండా పోయేది.

ఈలోగా పరీక్షలన్నీ ఆమెకే. రక్తం, స్కానింగులు, గర్భనాళాల్లోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, తల తిప్పే మాత్రలు. ఫైలు లావెక్కింది, లోపం మాత్రం దొరకలేదు. దొరకలేదంటే లోపలెక్కడో నక్కి ఉందని అత్తగారి తీర్మానం. ఆవిడ ఎవరో పెద్ద డాక్టరమ్మతో మాట్లాడి, పొట్టకు గాటు పెట్టి గొట్టం దూర్చి చూసే ఆపరేషన్ సోమవారానికి ఖాయం చేసేసింది. లెక్కలమ్మ సరేనంది. కాదని కాదని నోరు అరిగిపోయింది మరి.

దానికి ఆరు రోజుల ముందు, మంగళవారం, ఆమెకు వారపు సెలవు. డ్రైవరు చీకటితోనే వెళ్ళిపోయాడు. తర్వాత తోటి టెక్నీషియన్ ఫోను చేసి, పాపకు జ్వరం, నా బదులు వెళ్ళవూ అని బతిమాలితే లెక్కలమ్మ ల్యాబుకు వెళ్ళింది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. శాంపిలు ఇచ్చే గదికీ చూసే గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ. ఇచ్చినవాడు డబ్బా ఆ కిటికీలో పెట్టి, గంట నొక్కి వెళ్ళిపోతాడు. ఎవరి మొహం ఎవరూ చూడనక్కరలేదు. సిగ్గరి మగవాళ్ళ కోసం పెట్టిన కిటికీ అది. పదకొండింటికి గంట మోగింది. పదిహేడో నంబరు డబ్బా. మీద రాసిన పేరు చదివి ఆమె ముక్కున వేలేసుకుంది. ఇంటిపేరుతో సహా, తన మొగుడి బస్సులో కండక్టరు పేరు.

కండక్టరుకు ముగ్గురు పిల్లలు. ఆమె చుక్క తీసి గాజుపలక మీద వేసి చూసింది. ఒక్కటీ లేదు. కనబడలేదు కదా అని సున్నా రాసేయకూడదు. మిగిలినదాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, అడుక్కు చేరిన మడ్డిని చూడాలి. తిప్పింది, చూసింది. అక్కడా లేదు. ఆ ముగ్గురు పిల్లలెవరి పిల్లలు చెప్మా అని గుండె ఝల్లుమంది. వెంటనే ముగ్గురికీ తండ్రి నుంచి దిగిన ఆ చప్పిడి ముక్కు గుర్తొచ్చి, ఛ, పాడు బుద్ధి అని లెంపలేసుకుంది. ఇక పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకుని, ఫలించిందో లేదో చూపించుకోవడానికి వచ్చి ఉంటాడు. బుద్ధిమంతుడని మెచ్చుకుంది కూడా.

ఇంకో నియమం. ఒక్క పరీక్షతో సున్నా అని కాగితం చేతికివ్వరు. ఫోను చేసి, మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మనాలి. కాగితం మీది నంబరు చూసి ఆమె ల్యాబు ఫోను నుంచి కొట్టింది. పేర్లు నొక్కి మాట్లాడటం అలవాటయ్యాక అంకెలెవరికి గుర్తుంటాయి?

అవతల ఎవరండీ అన్న గొంతు విని ఆమె కాగితం మీది పేరు మళ్ళీ చూసింది. ఆ గొంతు వెనక, ఆఖరి స్టాపులో ఆగిన బస్సు దగ్గర, అసలు కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం గొడవపడుతున్నాడు.

"పదిహేడో నంబరు మీదేనా అండీ?" అంది.

చిల్లర గొడవ దూరమైంది, అతను బస్సుకు అవతలికి నడిచినట్టుంది. తర్వాత, "నువ్వా" అన్నాడు డ్రైవరు. ఆమె ఫోను పెట్టేసింది. ఏడుపు రాలేదు. ఆరేళ్ళుగా మింగిన మాత్రలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది.

సాయంత్రం అతను చెప్పుల దగ్గరే నిలబడి అంతా చెప్పాడు. ఆమె పొట్ట కోస్తారనేసరికి భయమేసిందని, ముందు తన సంగతి తేల్చుకుందామనుకున్నానని, దగ్గర్లో ఇంకో ల్యాబు లేక, ఆమెకు సెలవు రోజు చూసుకుని ట్రిప్పుల మధ్య వచ్చానని, కౌంటరులో పేరు రాయమంటే తోచింది రాసిచ్చేశానని అన్నాడు. ఆమెకు జాలేసింది. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది కూడా. తాగి, అతను మెల్లగా, సోమవారం ఆపరేషన్ కానిచ్చేద్దాం, తర్వాత అమ్మకు వీలు చూసుకుని నేనే చెబుతాను అన్నాడు. జాలి అక్కడితో సరి.

"మీ మాట దాచడానికి నా పొట్ట కోయాలా?" అంది.

"బయట తెలిస్తే డిపోలో తలెత్తుకోలేనే."

"ఆరేళ్ళు నేను తల దించుకునే తిరిగాను. మెడ విరగలేదు. మీదీ విరగదు."

తర్వాత కాస్త చల్లబడి అతని భాషలోనే చెప్పింది. ఇప్పుడు తెలిసింది ఒక్కటే, బస్సులు స్టాపుకు రావడం లేదని. డిపోలో బస్సులు అసలు లేవా, ఉండి దారి మూసుకుపోయిందా అన్నది రెండో పరీక్ష, హార్మోన్ల రక్తపరీక్ష, డాక్టరు చేత్తో చేసే పరీక్ష తేలుస్తాయి. దారే మూసుకుంటే తెరిచే ఆపరేషన్ ఉండవచ్చు, లేదా సూదితో వృషణం నుంచే కణాలు తీసి ల్యాబులో అండంతో కలుపుతారు. ఉత్పత్తే తక్కువైతే కూడా కొందరికి వెతికితే దొరుకుతాయి. ఏమీ దొరకకపోతే దాత కణాలున్నాయి, దత్తత ఉంది, ఇద్దరమే హాయిగా ఉండటమూ ఉంది. వీటిలో ఏ ఒక్కదానివల్లా మీసం ఊడిపోదు. మీసం దగ్గర అతను నవ్వబోయి ఆగిపోయాడు.

ఆమె షరతు ఒక్కటే. ముందురోజే ఆస్పత్రిలో చేర్చడానికి ఆదివారం అత్తగారూ ఆడపడుచూ వస్తారు. వాళ్ళకు అతనే చెప్పాలి. ఆమె చెప్పదు, సాయపడదు, సైగ కూడా చేయదు. చెప్పకపోతే ఆ రోజే ఆమె పెట్టె సర్దుకుంటుంది, కానీ ఆస్పత్రికి కాదు.

ఆదివారం అత్తగారు దుప్పటి, ఫ్లాస్కు, పళ్ళెం సంచిలో పెట్టుకుని దిగింది. ఆడపడుచు వదినగారి ఫైలు ఒళ్ళో పెట్టుకుని పేజీలు సర్దుతోంది. లెక్కలమ్మ టీ పోసి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. డ్రైవరు చెమటలు కక్కాడు. టీ తాగాడు. ఖాళీ గ్లాసు మళ్ళీ తాగాడు. అత్తగారు లేచి, ఇక బయల్దేరదామా అనేదాకా ఊరుకున్నాడు. లెక్కలమ్మ మనసులో పెట్టె మూత తెరుచుకుంది.

"అమ్మా, కూర్చో. ఆపరేషన్ లేదు. ఇబ్బంది నాలో ఉంది" అన్నాడు.

ఆవిడ ముందు నమ్మలేదు. పరీక్ష తప్పయి ఉంటుందంది. చేసిందెవరని అడిగి, కోడలేనని విని, ఇంకా గట్టిగా తప్పే అంది. రెండోసారి చేయిస్తామంటే కాస్త తగ్గింది. చివరకు గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టింది. "అయిందేదో అయింది. నలుగురికీ లోపం అమ్మాయిలోనే అని తెలుసుగా, అలాగే ఉండనీయరా. ఆడదానికి ఇంకో మాట పడటం ఓ లెక్కా?"

లెక్కలమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. నోరు తెరవబోయింది, కానీ అతనే ముందన్నాడు. "ఆరేళ్ళు నా మూట తను మోసిందమ్మా. ఇక నేను మోసుకుంటాను. ఎవరడిగినా నేనే చెబుతాను." ఆడపడుచు ఫైలు మూసి వదిన చేతికిచ్చింది. అత్తగారు సంచి కూడా మరిచిపోయి విసవిసా వెళ్ళిపోయింది. వారం దాకా ఫోను లేదు. ఎనిమిదో రోజు చేసి, ఫ్లాస్కు మూత జాగ్రత్తగా ఉందా అని అడిగింది.

మూడు వారాల తర్వాత ల్యాబు కిటకిటలాడుతోంది. బెంచీల మీద మగవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. కౌంటరు అమ్మాయి అలవాటు ప్రకారం, పేరు చెప్పనక్కరలేదు, రాసివ్వండి చాలని కాగితం జరిపింది. లోపలి గదిలో లెక్కలమ్మకు మొగుడి గొంతు వినబడింది. ఇంటిపేరు, సొంత పేరు, డిపో, అన్నీ స్టాపు పేరు అరిచినట్టు చెప్పాడు. పక్కనే ఉన్న సీనియరు తలెత్తి చూశాడు. బెంచీలన్నీ తలెత్తి ఉంటాయి.

కాసేపటికి గంట మోగింది. సొంతవాళ్ళ శాంపిలు చూడకూడదన్నది అక్కడి నియమం, ఈసారి ఆమె దాన్ని తెలిసి పాటించింది. డబ్బా తీసి సీనియరుకు అందించింది. లోపల ఎన్ని ఉన్నాయో ఆయన చూస్తాడు. పైన ఉన్న పేరు మాత్రం ఆమె రెండుసార్లు చదువుకుంది.