అర్థమైందా మాస్టారు

భూగోళం మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు "అర్థమైందా మాస్టారు". పాఠంలో నాలుగు మాటలు చెప్పి ఆగి "అర్థమైందా?" అంటారాయన. క్లాసంతా ఒక్క గొంతుతో "అయ్యిందండీ!" అంటుంది. ఆ "అండీ" సాగినప్పుడు కిటికీ రెక్కలు కూడా తల ఊపుతాయని ఆయన నమ్మకం. అలవాటు బడి గేటు దాటి ఇంటిదాకా వచ్చింది. రేపు ఇంకో అరలీటరు ఎక్కువ పొయ్యమని చెప్పి పాలవాణ్ణి "అర్థమైందా?" అంటారు. ఇంటావిణ్ణీ అంటారు. ఆవిడ కూర తరుగుతూనే "అయింది మహానుభావా, కాలేదంటే మళ్లీ మొదటికొస్తారుగా" అంటుంది. అది ఎత్తిపొడుపని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. మంచివాళ్లతో ఇదే చిక్కు, చురక అంటించినా చల్లగానే ఉంటుంది వాళ్లకి.

ఈ ఏడాదితో ఆయనకు రిటైర్మెంటు. అందుకే ఈమధ్య బడిలో ఏది చూసినా మనసు అక్కడే నిలబడిపోతోంది. సుద్దపొడి పేరుకున్న బోర్డు అంచు, ఎండ పడే వేళకి నీడలోకి జరిగి ఇరుక్కుని కూచునే పిల్లలు, స్టాఫ్‌రూమ్ బీరువా మీద సొట్టపోయిన గ్లోబు. ఆయన చేరిన కొత్తల్లో ఇద్దరు గడుగ్గాయిలు దాన్ని బంతిలా విసురుకుంటే మహాసముద్రం మధ్యలో గుంట పడింది. అప్పట్లో ఆయన జుట్టు నల్లగా ఉండేది, గొంతు వరండా ఆ చివరిదాకా వినపడేది. జుట్టు పోయినా గొంతు మిగిలింది కదా అని ఆయన ధీమా. ఇన్నేళ్లూ ఇంతమందికి అర్థమయ్యేలా చెప్పానన్నదొక్కటే ఆయన కూడబెట్టుకున్న ఆస్తి.

ఆ ఆస్తికే ఎసరు పెట్టారు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు మేడమ్. ఇకనుంచి ఒక టీచరు క్లాసులో ఇంకో టీచరు రెండు రోజులు వెనక బెంచీలో కూచోవాలి. శనివారం మీటింగులో లేచి, అందరి ముందూ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. పిల్లలకు పాఠం వచ్చిందని ఈ టీచరుకు ఎలా తెలుస్తోంది?

స్టాఫ్‌రూమ్‌లో తేనెతుట్టె కదిపినట్టయింది.

"ఎలా తెలియడమేంటి, పరీక్ష పెడితే తెలుస్తుంది," అన్నారు లెక్కల మాస్టారు. జేబులో ఎర్ర పెన్ను లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. "మార్కు అబద్ధమాడదు."

"బాగానే ఆడుతుందండీ," అంది భాష చెప్పే టీచరమ్మ. "బట్టీ కొట్టినవాడికి బోలెడు మార్కులు, ఆలోచించేవాడికి బొటాబొటీ. నేనైతే కళ్లల్లో చూస్తాను. అర్థమైతే ఆ కళ్లు వెలిగిపోతాయి."

"మీ పీరియడ్లో వెలిగేది భోజనం బెల్లు దగ్గరపడిందనేమో," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "నాకీ గొడవే లేదు. పరిగెత్తమంటే పరిగెడతారు, పడితే పడతారు. నా దగ్గర దాచడానికేముంది?"

భూగోళం మాస్టారు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుని, "దీనికింత రాద్ధాంతం దేనికండీ? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదూ?" అన్నారు.

"మీరు మెతుకెక్కడ పట్టుకుంటారండీ? ఉడికావా అని గిన్నెనడుగుతారు," అన్నారు లెక్కల మాస్టారు.

అందరూ గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వారు. లెక్కలాయన అక్కడితో ఆగితే బాగుండేది.

"మీ దగ్గర అందరికీ అర్థమైపోతుంది. నా దగ్గరికొచ్చి రేఖాంశాల లెక్క వెయ్యమంటే ఒక్కళ్లకీ రాదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!"

ఈసారి మాస్టారు నవ్వలేదు. ఆ మాట ముల్లులా దిగి, ఎక్కడ దిగిందో చూపించలేని చోట ఉండిపోయింది.

ఆయన క్లాసులో కూచునే వంతు బుల్లి టీచరుకు పడింది. సైన్సు చెప్పే ఆ అమ్మాయి ఇదే బడిలో, ఇదే గదిలో ఆయన దగ్గర చదువుకున్నదే. మనిషి పొట్టి కాబట్టి ఆ పేరు వచ్చిందనుకునేవారు మాస్టారు. పేరు విని ఆయన ప్రాణం కుదుటపడింది. తను నాటిన మొక్కే తనకు నీడనివ్వడానికి వచ్చిందనుకున్నారు. శనివారం ఆ పిల్ల లేచి రెండు మంచి మాటలు చెబితే లెక్కలాయన నోరు మూతపడుతుంది, తనూ నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

మొదటిరోజు పాఠం అంతర్జాతీయ దినరేఖ. మాస్టారు చెలరేగిపోయారు. బోర్డు మీద భూమిని గీసి, దాని మీద పైనుంచి కిందకి ఒక వంకర గీత లాగి, గీతకి ఇటు సోమవారమైతే అటు ఇంకా ఆదివారమే అన్నారు. ఓడలో ఆ గీత దాటించి పిల్లలకు ఒక సెలవురోజు కలిపారు, మళ్లీ ఇటు దాటించి ఉన్న సెలవు ఊడగొట్టారు. "అర్థమైందా?" అన్నారు. "అయ్యిందండీ!" అని గది దద్దరిల్లింది. మాస్టారు వెనక బెంచీ వైపు చూసి మీసాల్లోంచి నవ్వారు.

బెల్లు కొట్టగానే పిల్లలు ఎప్పటిలాగే వరండా చివర కుళాయి దగ్గరికి పరిగెత్తారు. ఆయన పాఠం అయ్యాక అక్కడ గుంపు కట్టడం ఏళ్ల తరబడి ఉన్నదే. "నా పాఠం వింటే దాహమేస్తుందయ్యా, సముద్రాలన్నీ చుట్టొస్తారు కదా," అని ఆయన మురిసిపోయేవారు. బుల్లి టీచరు కూడా పిల్లల వెనకే వెళ్లింది. చాలాసేపు అక్కడే నిలబడింది. స్టాఫ్‌రూమ్‌కి వచ్చాక ఆయన వైపు చూడకుండా హాజరుపట్టీలు సర్దుకుంటూ కూచుంది.

ఆ ముఖం మాస్టారికి ఎరుకే. చెప్పాల్సింది గొంతులో పెట్టుకుని చిన్నప్పుడూ ఇలాగే తల వంచుకునేది. సాయంత్రం పిల్లలందరూ వెళ్లిపోయాక ఆయన ఖాళీ క్లాసులోకి పిలిచారు.

"శనివారం అందరి ముందూ చెప్పేదేదో నాకిప్పుడే చెప్పు తల్లీ. నా పాఠం పిల్లలకి అర్థమవుతోందా, లేదా?"

ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. "అడక్కండి మాస్టారూ."

"ఈ ఏడు దాటితే అడగడానికి నాకు క్లాసుండదు, చెప్పడానికి నువ్వూ దగ్గరుండవు."

ఆమె ఊచ వదిలి ఆయన వైపు తిరిగింది.

"అవట్లేదండీ. మాకూ అయ్యేది కాదు. మీకు గుర్తుందో లేదో, మా పైక్లాసు అక్క ఒకావిడ ఒకసారి లేచి, అర్థం కాలేదండీ అంది. మీరు తిట్టలేదు, కసరలేదు. మీ మొహం వాడిపోయింది, అంతే. ఆరోజు మీరు అన్నం డబ్బా కూడా తెరవలేదంట. ఆ అక్కావాళ్లు మాకు చెప్పారు, మేం మా కిందివాళ్లకి చెప్పాం. మాస్టారిని బాధపెట్టొద్దు, అయ్యిందనేయండి, తర్వాత కుళాయి దగ్గర చూసుకుందాం అని. అక్కడ ఎవరికి ఎంత తెలిస్తే అంత మిగతావాళ్లకి చెప్పేవాళ్లం. నేనే ఎక్కువ చెప్పేదాన్ని. నాకు బుల్లి టీచరని పేరొచ్చింది అక్కడే."

మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు.

"ఇప్పటికీ అంతేనా?"

"అంతేనండీ. ఇవాళ ఒక పిల్ల నారింజపండు పట్టుకుని దాని మీద గోటితో గీత గీసి చెప్తోంది. ఒకళ్లు రోజు కలపాలంటారు, ఇంకొకళ్లు తియ్యాలంటారు. కొట్టుకునేదాకా వచ్చారు. ఎవరి మాట నిజమో తేల్చేవాళ్లు లేరక్కడ."

ఆమె కళ్లు తుడుచుకుంది. "మీరంటే అందరికీ ప్రాణం మాస్టారూ. అందుకే ఎవరూ చెప్పలేదు."

ఆ సాయంత్రం ఆయన ఇంటికి నడుచుకుంటూ వెళ్లారు. బజారులో ఎవరో నమస్కారం పెడితే చూడలేదు. సిగ్గేసింది, దాన్ని మించి దిగులేసింది. ఇన్నేళ్లూ తను వాళ్లకి పరీక్ష పెడుతున్నాననుకున్నారు. ఆ చిన్నపిల్లలు తన మొహం చదివి, తనకెంత తట్టుకునే శక్తి ఉందో కొలిచి, దానికి తగ్గ జవాబు చెప్పి పంపుతున్నారు. పాత క్లాసులన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చాయి. రెండు జడల పిల్లలు, చొక్కా గుండీలు ఊడిన పిల్లలు, అందరూ ఆయన వైపే చూస్తూ "అయ్యిందండీ" అంటున్నారు. అదంతా ప్రేమేనని తెలిసి ఆయనకు ఏడుపొచ్చింది. ఇంటావిడ అడిగితే కళ్లల్లో దుమ్ము పడిందన్నారు, ఆవిడ మాత్రం ఆ సాకును నమ్మలేదు.

రెండోరోజు బుల్లి టీచరు వచ్చి వెనక బెంచీలో కూచుంది. మాస్టారు కొత్త పాఠం తియ్యలేదు. బోర్డు మీద నిన్నటి భూమినే గీసి, నిన్నటి గీతే లాగారు.

"నిన్నటి పాఠం అర్థం కానివాళ్లు చేతులెత్తండి," అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని, తిరిగి ఆయన మొహం వైపు చూశారు. ముందు బెంచీ పిల్ల "అందరికీ అయ్యిందండీ" అంది బుజ్జగిస్తున్నట్టుగా.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "చూడండమ్మా, నా మొహం చూస్తే మీకు జాలేస్తోంది, అంతే కదా? సరే, నేనిటు తిరుగుతా. నా మొహం మీక్కనపడదు, మీరు ఎత్తేదాకా మీ చేతులు నాక్కనపడవు. నిజం చెప్పండి. నాకేం కాదు, ఇవాళ అన్నం కూడా బాగా తిన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు.

వెనక చడీచప్పుడూ లేదు. ఒక్క చెయ్యి కూడా లేవకపోతే ఈ అబద్ధాన్నే మూట కట్టుకుని ఇంటికి పోవాలి. లేస్తే ఆ మూటలో ఇక ఏమీ మిగలదు. రెండిట్లో ఏది కావాలో ఆయనకే తెలియడం లేదు. ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. తర్వాత ఇంకొకటి. ఎవరో పక్కవాళ్లని మోచేత్తో పొడిచి "ఎత్తు" అని గుసగుసలాడారు. తర్వాత గదినిండా బట్టల గలగల వినిపించి ఆగిపోయింది. బోర్డు అంచు పట్టుకుని మెల్లగా తిరిగారు.

ఎటు చూసినా చేతులే. భయంభయంగా సగం లేచినవి, పట్టుదలగా నిటారుగా ఉన్నవి. పిల్లల కళ్లన్నీ ఆయన మొహం మీదే ఉన్నాయి, వాడిపోతుందేమోనని. చిట్టచివర వెనక బెంచీలో, పిల్లల మధ్య ఇరుక్కుని కూచున్న బుల్లి టీచరు చెయ్యి కూడా పైకి లేచి ఉంది.

"నువ్వు కూడానా అమ్మా?"

"అప్పట్నుంచీనండీ. ఈ ఒక్క పాఠం కుళాయి దగ్గర కూడా ఎవరూ చెప్పలేకపోయారు. నిన్న పిల్లలడిగితే నీళ్లు నమిలాను."

క్లాసంతా పకపకా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు, నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి ముందు బెంచీ పిల్ల కంగారుగా చెయ్యి దించబోయింది.

"దించకండి," అన్నారు మాస్టారు. "కాసేపు అలాగే ఉంచండి. నన్ను చూడనివ్వండి."